పీసీబీకి జీతమెవరిస్తారు?

యర్రగుంట్ల వైపు ఒక సున్నపురాయి గని విస్తరణ మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్లాను. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో ఖద్దరు చొక్కాలు, వెనక వరసల్లో తువ్వాళ్లు. ఉద్యోగాలు కావాలన్నవాళ్లు మాట్లాడారు. దుమ్ముతో శనగ తెల్లబడిపోతోందన్నవాళ్లు, బ్లాస్టింగ్‌కు గోడలు నెర్రెలిచ్చాయన్నవాళ్లు మాట్లాడారు. చివర్లో ఒక పెద్దాయన మైకు అందుకున్నాడు. గని ఊసే ఎత్తలేదు. వేదిక మీదున్న కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇంజనీరు వైపు తిరిగి, "తప్పుగా అనుకోవాకండి సార్. మీకు జీతం ఎవురిస్తారు? సర్కారా, ఫ్యాక్టరీ వాళ్లా?" అని అడిగాడు.

జనం నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వి, "ప్రభుత్వమే పెద్దాయనా" అన్నాడు. మైకు ఇంకొకరి చేతికి పోయింది.

ఆ జవాబులో ఉన్నది సగం నిజమే. మిగతా సగం చెప్పాలంటే పార్లమెంటు చట్టం, శాసనసభ పద్దు, రద్దయిపోయిన ఒక సెస్సు, ఫీజుల రసీదులు, ట్రిబ్యునల్ సూత్రం ఒకటి, ఇన్ని తిరగేయాలి. మైకు పట్టుకుని రెండు నిమిషాల్లో చెప్పగలిగింది కాదు కాబట్టి ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తాను.

మండలి వేరు, శాఖ వేరు

రెవెన్యూ, వ్యవసాయం, పోలీసు లాంటివి ప్రభుత్వ శాఖలు. వాటి ప్రతి రూపాయీ ఖజానా నుంచి వస్తుంది, వసూలు చేసిన ప్రతి రూపాయీ ఖజానాకే పోతుంది. కాలుష్య నియంత్రణ మండలి అలాంటిది కాదు. 1974లో పార్లమెంటు చేసిన జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం కింద పుట్టిన చట్టబద్ధ సంస్థ అది. సొంత పేరుంది, సొంత ఖాతా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1976లో ఏర్పడింది. 1981లో వాయు కాలుష్య చట్టం వచ్చాక గాలి బాధ్యత కూడా దానికే అప్పగించారు.

ఆ 1974 చట్టంలోనే 37వ సెక్షన్ మండలికి సొంత నిధి ఉండాలంటుంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది, ఫీజులు, గ్రాంట్లు, విరాళాలు, ఏ దారిన వచ్చినా అన్నీ ఆ నిధిలో పడతాయి. ఖర్చులన్నీ అందులోంచే. ఇంజనీరు జీతం, జీపు డీజిలు, నీటి నమూనా పట్టే సీసా, ల్యాబులో రసాయనాలు, అన్నీ. అంటే ఆ ఇంజనీరు ప్రభుత్వ వ్యవస్థలో భాగమే గానీ, జీతం పుట్టేది మాత్రం ఆ నిధిలో. కాబట్టి పెద్దాయన ప్రశ్నను కాస్త మార్చి అడగాలి: ఆ నిధిలో నీళ్లు పోసేదెవరు?

చట్టంలో ఒకే ఒక మాట: 'ఇవ్వవచ్చు'

35వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వం గురించి చెబుతుంది. శాసనసభ చట్టప్రకారం కేటాయింపు చేశాక, మండలి పనులకు అవసరమని తనకు తోచినంత మొత్తాన్ని ప్రభుత్వం ప్రతి ఆర్థిక సంవత్సరం మండలికి ఇవ్వవచ్చు. ఇవ్వాలి అనలేదు, ఇవ్వవచ్చు అంది. ఎంత ఇవ్వాలన్నదీ ప్రభుత్వానికి తోచినంతే. ఒక ఏడాది సున్నా తోచిందనుకోండి, చట్టం ఉల్లంఘించినట్టు కాదు.

ఇక్కడ శాసనసభ పాత్ర ఏమిటో చూద్దాం. ఏటా మార్చిలో బడ్జెట్ పద్దుల మీద చర్చ అయ్యాక ద్రవ్య వినిమయ బిల్లు పెడతారు. ఖజానా నుంచి డబ్బు తీయడానికి సభ ఇచ్చే తాళంచెవి అది. మండలికి గ్రాంటు ఇవ్వాలన్నా ఆ బిల్లులో పద్దుండాలి. ఆ పద్దు మీద ఏ ఎమ్మెల్యే అయినా మాట్లాడొచ్చు, కోత తీర్మానం పెట్టొచ్చు. సాగునీటి పద్దు మీద అర్ధరాత్రి దాకా కొట్లాడుకునే మన సీమ ఎమ్మెల్యేల నోట ఈ పద్దు పేరు విన్న గుర్తు నాకైతే లేదు.

ఇంకో చిక్కు. నీరు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోది. అందుకే 252వ అధికరణ కింద, రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి అడిగితే, పార్లమెంటు ఈ చట్టం చేసింది. అలా ఒకసారి అప్పగించాక ఆ విషయంలో రాష్ట్రం చేతులు కట్టుకోవాల్సిందే. చట్టాన్ని మార్చే అధికారం మళ్లీ పార్లమెంటుదే. కాబట్టి 'ఇవ్వవచ్చు'ను 'ఇవ్వాలి' అని దిద్దుదామని రేపు అమరావతిలో సభ ఏకగ్రీవంగా అనుకున్నా, ఆ చట్టంలో ఆ అక్షరం దిద్దలేదు.

పైసల్లో వసూలై, ఢిల్లీ తిరిగొచ్చిన సెస్సు

కథ మొదట్లో ఇలా లేదు. మండళ్లకు నికరమైన ఆదాయం ఉండాలని 1977లో పార్లమెంటు నీటి సెస్సు చట్టం చేసింది. పరిశ్రమలు, మునిసిపాలిటీలు వాడే నీటి మీద వెయ్యి లీటర్లకు ఇన్ని పైసలని లెక్క. 2003 సవరణ తర్వాత రేట్లు ఇలా ఉండేవి: ఇళ్ల వాడకానికి 2 పైసలు, బాయిలర్లకు, కూలింగ్‌కు 5 పైసలు, తేలిగ్గా కుళ్లిపోయే మురికి కలిసే నీటికి 10 పైసలు, విషపదార్థాలు కలిసే నీటికి 15 పైసలు. నిబంధనలు పాటించని వాళ్లకు ఇంకా ఎక్కువ.

లెక్క వేసి చూద్దాం. ఒక పట్టణం రోజుకు 2 కోట్ల లీటర్ల నీళ్లు సరఫరా చేస్తోందనుకోండి. అంటే 20 వేల కిలోలీటర్లు. 2 పైసల చొప్పున రోజుకు 400 రూపాయలు, ఏడాదికి 1,46,000. రోజుకు 5 లక్షల లీటర్లు విషపూరితం చేసే ఫ్యాక్టరీ 15 పైసల చొప్పున రోజుకు 75 రూపాయలు కడుతుంది. ఏడాదికి 27,375. యర్రగుంట్ల బస్టాండులో టీ కొట్టాయన దీనికంటే ఎక్కువ అద్దె కడతాడు.

పైగా ఆ డబ్బు తిన్నగా మండలికి చేరేది కాదు. ఇక్కడ వసూలు చేసి, భారత సంఘటిత నిధికి, అంటే కేంద్ర ఖజానా ప్రధాన పెట్టెకు కట్టాలి. అక్కడి నుంచి కేంద్రం ఎక్కువ భాగాన్ని మళ్లీ రాష్ట్ర మండలికి పంపేది. పన్నుకూ ఫీజుకూ ఉన్న తేడా సరిగ్గా ఇదే. పన్నయినా సెస్సయినా ముందు ఖజానాలో పడి, చట్టసభ అనుమతితో బయటికి రావాలి. ఫీజంటే ఒక సేవకో పర్యవేక్షణకో తీసుకునే మూల్యం. అందుకే అది మండలి ఖాతాలోనే జమవుతుంది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. దాంతోపాటు ఎన్నో చిల్లర సెస్సులు పోయాయి, అందులో నీటి సెస్సూ ఒకటి. పైసల సెస్సే కావచ్చు, కానీ ఫ్యాక్టరీ అనుమతితో నిమిత్తం లేకుండా వచ్చే ఆదాయం అది. ఆ కాలు విరిగాక మండలి నిధి ఒంటికాలి మీద నిలబడింది. ఆ ఒంటికాలే ఫీజు.

ఎద్దు దగ్గర కంచె ఖర్చు

కొత్తగా ఫ్యాక్టరీ పెట్టాలంటే స్థాపనకు ఒక అనుమతి, పని మొదలుపెట్టేందుకు ఇంకొక అనుమతి కావాలి. మన దగ్గర సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అంటారు. 2026 జనవరిలో కేంద్రం నిబంధనలు మార్చేదాకా సీఎఫ్ఓకు గడువుండేది, తీరాక మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చేది. పరిశ్రమలను కాలుష్య తీవ్రతను బట్టి రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ అని విడదీశారు. సిమెంటు, థర్మల్ విద్యుత్తు రెడ్. పెద్దగా కాలుష్యమే లేనివి వైట్, వాటికి అనుమతుల బెడద లేదు. ఫీజు స్థూలంగా పెట్టుబడి మీద ఆధారపడుతుంది. ఎంత పెద్ద ఫ్యాక్టరీ అయితే అంత ఫీజు. చాలా రాష్ట్రాల్లో మండళ్ల ఆదాయంలో పెద్ద వాటా ఈ ఫీజులదే.

కంచే చేను మేస్తే అనే సామెత ఇక్కడ సరిగ్గా అతకదు. ఇక్కడ కంచె వేయడానికయ్యే ఖర్చును ఎద్దు దగ్గర వసూలు చేస్తున్నారు. అది న్యాయమేనని ఒక వాదన: చేను పాడుచేయగలిగింది ఎద్దే కదా. కాదని ఇంకొక వాదన: ఎద్దు డబ్బుతో వేసిన కంచె ఎద్దుకు ఎక్కడ వీలో అక్కడ పల్చబడుతుంది.

ఒక అపోహ మాత్రం ముందే తీసేయాలి. 'అనుమతి ఇస్తేనే మండలికి డబ్బు, కాబట్టి ఇచ్చేస్తారు' అంటుంటారు. ఫీజు దరఖాస్తుతోపాటే కట్టాలి. ఇంజనీరు కాదన్నా ఆ డబ్బు అప్పటికే జమ అయిపోయి ఉంటుంది. చిక్కు అక్కడ లేదు. ఫ్యాక్టరీ మూతపడితే ముందు ముందు రావాల్సిన ఫీజు రాదు. పెట్టుబడి పెరిగితే ఫీజూ పెరుగుతుంది. అంటే మండలి ఆర్థిక ఆరోగ్యం జిల్లాలో పరిశ్రమల ఎదుగుదలతో ముడిపడింది, గాలి శుభ్రతతో కాదు. ఎవరూ లంచం తీసుకోకపోయినా, అందరూ నిజాయితీపరులే అయినా ఆ ముడి అలాగే ఉంటుంది.

తాడిపత్రి పాలిష్ యూనిట్‌లో ఒక పూట

తాడిపత్రిలో నాకు తెలిసిన ఒకాయన బండల పాలిష్ యూనిట్ నడుపుతాడు. రేకుల షెడ్డు, రెండు కటింగ్ మిషన్లు. బ్లేడు మీద నీళ్లు ధారగా పడుతుంటాయి, లేకపోతే వేడికి పగిలిపోతుంది. రాతిపొడి కలిసిన ఆ నీళ్లు బూడిద రంగు పాయసంలా కాలువలో పారి గుంతలోకి చేరతాయి. నీళ్లు పైకి తేలితే మళ్లీ బ్లేడు మీదికి పంపుతారు. అడుగున మిగిలేది స్లరీ. ట్రాక్టర్ ట్యాంకరు వచ్చి దాన్ని తీసుకుపోతుంది. తడిగా ఉన్నంతసేపు అది ఎవరి జోలికీ రాదు. ఎండిందా, ఏప్రిల్ గాలికి లేచి రోడ్డు మీద బైకువాళ్ల కళ్లలో పడుతుంది. పనివాళ్ల కనురెప్పల వెంట్రుకలు తెల్లగా ఉంటాయి, ముప్పయ్యేళ్లకే ముసలితనం వచ్చినట్టు.

ఆఫీసు గదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే సీఎఫ్ఓ కాపీ ఫ్రేము కట్టి ఉంది. "ఫీజు మాకు భారం కాదు సార్," అన్నాడాయన. "ఈ స్లరీ యాడ పోయల్లో చెప్పమనండి. ఒక జాగా చూపిస్తే డబ్బులిచ్చి పోసుకుంటాం."

ఇలాంటి యూనిట్లు తాడిపత్రిలో, బేతంచెర్లలో, మా జిల్లాలో నాపరాళ్లు తీసే ఊళ్లలో వందల్లో ఉన్నాయి. ఇప్పుడు లెక్క చూడండి. అంకెలు నేను ఊహించినవే, అసలు రేట్లు కావు, పద్ధతి అర్థం కావడానికి. ఒక చిన్న యూనిట్ పదేళ్లకు 10 వేలు ఫీజు కట్టిందనుకుందాం. ఏడాదికి వెయ్యి. ఒకసారి తనిఖీకి వెళ్లాలంటే జీపు, ఇద్దరు మనుషుల ఒక రోజు జీతం, రెండు నమూనాల పరీక్ష కలిపి 5 వేలు అవుతుందనుకుందాం. ఒక్క తనిఖీతో అయిదేళ్ల ఫీజు హరించుకుపోయింది. అదే వెయ్యి కోట్ల సిమెంటు ఫ్యాక్టరీ లక్షల్లో ఫీజు కడుతుంది, తనిఖీ ఖర్చు మహా అయితే రెండింతలు. ఒక గేటు, ఒక చిమ్నీ వరస, ఒక ఎన్విరాన్‌మెంట్ మేనేజరు. అసలు అనుమతే తీసుకోకుండా నడిచే షెడ్డు దగ్గరికొస్తే ఆదాయం సున్నా, పట్టుకోవడానికి ఖర్చు మాత్రం అందరికంటే ఎక్కువ.

ఫీజు మీద నడిచే పర్యవేక్షణలో నాకు కనిపించే అసలు లోపం ఇదే. పెద్ద ఫ్యాక్టరీలకు వంగిపోతారన్న అనుమానం అందరూ వెలిబుచ్చేదే. చిన్నవీ, చెల్లాచెదురుగా ఉన్నవీ, ఫీజు రానివీ లెక్కలోంచే జారిపోతాయన్నది ఎవరూ పెద్దగా మాట్లాడరు. కర్నూలులో హంద్రీలోకి దిగే మురుగు కూడా ఆ జారిపోయేవాటి కోవలోదే. అక్కడ కాలుష్యం చేసేది ఊరే.

జరిమానా కడితే ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

ఇది అన్నిటికంటే గందరగోళం. పత్రికల్లో 'పీసీబీ లక్షల జరిమానా' అని చదవగానే మండలికి పండగే అనిపిస్తుంది. ఇందులో రెండు వేర్వేరు డబ్బులున్నాయి.

మొదటిది పర్యావరణ పరిహారం. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాల మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీనికొక సూత్రం తయారుచేసింది. అయిదు అంకెలు గుణించాలి: కాలుష్య సూచిక, ఉల్లంఘన జరిగిన రోజులు, ఒక రూపాయల గుణకం, సంస్థ పరిమాణం, ప్రాంతం. రెడ్‌కు సూచిక 80, ఆరెంజ్‌కు 50, గ్రీన్‌కు 30. రూపాయల గుణకం 100 నుంచి 500 మధ్య, మామూలుగా 250 తీసుకోమన్నారు. చిన్న సంస్థకు 0.5, మధ్యస్థానికి 1, పెద్దదానికి 1.5. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊరికి ప్రాంత గుణకం 1. కడప, కర్నూలు, అనంతపురం మూడూ ఆ లోపే.

ఒక చిన్న ఆరెంజ్ యూనిట్ నెల రోజులు స్లరీని వాగులోకి వదిలిందనుకుందాం. 50ని 250తో, దాన్ని 0.5తో గుణిస్తే రోజుకు 6,250 రూపాయలు. ముప్పై రోజులకు 1,87,500. అదే నెల రోజులు ఒక పెద్ద రెడ్ ఫ్యాక్టరీ దుమ్ము వదిలితే: 80, 250, 1.5, కలిపి రోజుకు 30 వేలు, నెలకు 9 లక్షలు. బస్తా 300 అనుకుంటే రోజుకు వంద సిమెంటు బస్తాలు. పాతిక టన్నుల లారీలో అయిదో వంతు. పాలిష్ యూనిట్ యజమానికి 1,87,500 అంటే నిద్ర పట్టదు. రెండో ఆయనకు రోజుకు లారీలో అయిదో వంతంటే అకౌంట్స్ సెక్షన్‌లో ఒక ఎంట్రీ. గుణకాన్ని 100 వేస్తారా 500 వేస్తారా అన్నదాన్ని బట్టి ఆ పెద్ద ఫ్యాక్టరీ మొత్తం రోజుకు 12 వేలూ కావచ్చు, 60 వేలూ కావచ్చు. అది అధికారి విచక్షణ. ఎంత తగ్గించినా రోజుకు 5 వేల కిందికి దిగకూడదన్నది ఒక్కటే గీత.

ఈ పరిహారాన్ని మండలి తన మామూలు ఖర్చుల్లో కలిపేసుకునే వీల్లేదు. విడిగా ఉంచి, చెడిన నేలనో నీటినో బాగుచేయడానికి వాడాలన్నది దాని ఉద్దేశం. అసలు మండలికి ఈ పరిహారం విధించే అధికారం ఉందా అన్నదే చాలాకాలం వివాదంగా నడిచింది. 2025 ఆగస్టులో ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ కేసులో సుప్రీంకోర్టు ఉందని తేల్చింది, అయితే అందుకు తగిన నిబంధనలు రూపొందించుకుని, విచారణ పద్ధతి పాటించాలంది.

రెండో డబ్బు అసలైన జరిమానా. 2023లో వచ్చిన జన్ విశ్వాస్ చట్టం వాయు చట్టంలోనూ, పర్యావరణ పరిరక్షణ చట్టంలోనూ చాలా తప్పులకు జైలు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. ఈ మార్పులు 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. అలా వసూలైన జరిమానా పర్యావరణ పరిరక్షణ నిధికి పోతుంది, మండలి నిధికి కాదు. జల చట్టంలోనూ 2024లో ఇలాంటి సవరణే చేశారు. అయితే 252 ముడి ఉంది కదా, అది మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే వర్తించింది. మిగతా రాష్ట్రాలు శాసనసభలో తీర్మానం చేసుకుని చేరాలి.

జరిమానా మండలి జేబులోకి పోకపోవడం మంచిదేనంటాను. పోతే ట్రాఫిక్ చలాన్ల టార్గెట్ల మాదిరి కథ మొదలవుతుంది.

ఇది కాదు, అది వేరు

ప్రజాభిప్రాయ సేకరణలో ఒక యువకుడు 'డీఎంఎఫ్ కోట్లు పీసీబీ ఏం చేస్తోంది' అని నిలదీశాడు. పాపం ఆ ఇంజనీరుకు సంబంధం లేని ప్రశ్న అది. డీఎంఎఫ్, అంటే జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనేది 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన ట్రస్టు. గని లీజుదారు తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, 2015 జనవరి 12కు ముందున్న లీజయితే 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజయితే 10 శాతం దానికి కట్టాలి. సున్నపురాయి రాయల్టీ 2014లో నిర్ణయించిన రేటు ప్రకారం టన్నుకు 80 రూపాయలు. పాత గని ఒకటి ఏడాదికి 10 లక్షల టన్నులు తీస్తే రాయల్టీ 8 కోట్లు, ఫౌండేషన్‌కు 2 కోట్ల 40 లక్షలు. కొత్త లీజయితే 80 లక్షలు. ఈ డబ్బు గని ప్రభావిత ఊళ్లకు తాగునీరు, వైద్యం, చదువు, కాలుష్య నివారణ పనుల కోసం. కలెక్టరేట్‌లో తేలే లెక్క అది. మండలి జీతాలకూ దానికీ ఏ లంకే లేదు.

ప్రొద్దుటూరు లారీ ఓనర్లు గొణుక్కునే గ్రీన్ ట్యాక్స్ కూడా అంతే. పేరులో ఆకుపచ్చ ఉన్నా రవాణా శాఖ వసూలు చేసే వాహన పన్ను అది, ఖజానాకే పోతుంది.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం సంగతి కొంచెం తేడా. 2019లో మొదలైన ఆ పథకంలో కడప, కర్నూలు, అనంతపురం ఉన్నాయి. కేంద్రం ఇచ్చే ఆ నిధులు రోడ్లు ఊడ్చే యంత్రాలకూ, దుమ్ము లేవకుండా చేసే పనులకూ. మండలి జీతాల కోసం ఇచ్చేవి కావు.

ఎవరేమంటున్నారు

పరిశ్రమల వైపు మాట్లాడేవాళ్ల మాట తీసిపారేసేది కాదు. రాయల్టీ, డీఎంఎఫ్, జీఎస్టీ, సామాజిక బాధ్యత ఖర్చు, వీటిపైన అనుమతి ఫీజు. కాలుష్యం చేసేవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే మన చట్టంలో భాగమని చెప్పింది కాబట్టి ఫీజు మేం కట్టడం సబబే, కానీ కట్టిన ఫీజు ల్యాబులకు, సిబ్బందికి ఖర్చుపెట్టండి, ఫైలు నెలలు నానకుండా చూడండి అంటారు.

పర్యావరణ కార్యకర్తలు జీతం ఖజానా నుంచే రావాలంటారు. న్యాయమూర్తి జీతం కక్షిదారుల కోర్టు ఫీజు మీద ఆధారపడితే ఎలా ఉంటుందో ఆలోచించమంటారు. హైకోర్టు న్యాయమూర్తుల జీతాల మాదిరి సభ ఓటుతో పని లేకుండా ఖజానా మీద నేరుగా భారం వేయాలనేవాళ్లూ ఉన్నారు.

దీనికి మూడో వైపు నుంచి వచ్చే జవాబే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఖజానా మీద ఆధారపడితే స్వతంత్రం వస్తుందా? చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు మండలి ఇప్పటికే కట్టుబడి ఉండాలి. అధ్యక్షుడినీ సభ్యులనూ నియమించేది ప్రభుత్వమే. సభ్యుల్లో అధికారులుంటారు, ప్రభుత్వ సంస్థల ప్రతినిధులుంటారు. ఇప్పుడు జీతం కూడా ప్రభుత్వం చేతికే పోతే, కలమల్లలో ప్రభుత్వ రంగంలోని థర్మల్ కేంద్రం బూడిద చెరువు మీద నోటీసు రాసే చెయ్యి ఎంత గట్టిగా ఉంటుంది? సిమెంటు కంపెనీ ఫీజు మీద బతకడమా, ప్రభుత్వ గ్రాంటు మీద బతకడమా అన్నప్పుడు కాలుష్యం చేసేవాళ్లలో ప్రభుత్వమూ ఉందన్న సంగతి మరిచిపోతుంటాం.

ఇంకో మెలిక, అసలు సమస్య డబ్బేనా అని. దేశవ్యాప్తంగా రాష్ట్ర మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయి. అదే సమయంలో కొన్ని మండళ్ల ఫీజుల డబ్బు బ్యాంకు డిపాజిట్లలో పెరుగుతోంది. డబ్బు ఉన్నా ఉద్యోగాలు నింపాలంటే ప్రభుత్వం ఊ అనాలి. ట్యాంకు నిండుగా ఉండి కుళాయి బిగించేసినట్టు. ఇది చూశాక నిధుల చట్టం ఒక్కటే మారిస్తే పని జరుగుతుందన్న నమ్మకం నాకు కొంత సడలింది.

మరి శాసనసభ చేయగలిగిందేమిటి?

కేంద్ర చట్టాన్ని ముట్టుకోకుండానే మూడు దారులున్నాయి. ఒకటి తేలికైనది, ఏటా బడ్జెట్‌లో 35వ సెక్షన్ కింద పద్దు పెట్టడం. తాడిపత్రి షెడ్ల లాంటివాటి తనిఖీ ఖర్చు ఫీజుల మీద కాకుండా ఆ పద్దు మీద పడేలా చూడొచ్చు. రెండోది, ఫీజుల నిబంధనలు. రాష్ట్ర ప్రభుత్వానికి ఆ అధికారముంది. పెట్టుబడిని బట్టి కాకుండా వదిలే దుమ్మును, నీటిని బట్టి ఫీజు కట్టించే వీలుంది. అలా చేస్తే కాలుష్యం తగ్గించుకున్నవాడికి ఫీజు తగ్గుతుంది. మండలి ఆదాయమూ తగ్గుతుంది, అది అందులోని మెలిక.

మూడోది కొత్తది, సీమకు బాగా దగ్గరిది. 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఎనిమిది ఒకటి తేడాతో తీర్పిచ్చింది: రాయల్టీ పన్ను కాదు, గనుల హక్కుల మీద, ఖనిజాలున్న భూమి మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకుంది. అంటే సున్నపురాయి మీదో ముగ్గురాయి (బెరైటీస్) మీదో శాసనసభ సొంతంగా చట్టం చేసి సెస్సు వేయొచ్చు. కాలుష్యం కలిగించే సరుకుల మీద 2013లో గోవా శాసనసభ గ్రీన్ సెస్సు చట్టం చేసిన ఉదాహరణ ఉంది. అయితే పైన చెప్పుకున్న తేడా ఇక్కడ మళ్లీ అడ్డొస్తుంది. సెస్సు ముందు ఖజానాలో పడుతుంది. అక్కడి నుంచి మండలికి రావాలంటే మళ్లీ ద్రవ్య వినిమయ బిల్లు, మళ్లీ పద్దు, మళ్లీ ఆర్థిక శాఖ సంతకం. పర్యవేక్షణకే ఇంత వాటా అని సెస్సు చట్టంలోనే రాసుకోకపోతే, ఆ డబ్బు ఏ సంక్షేమ పథకానికో, ఏ పాత అప్పు వడ్డీకో సర్దుబాటవుతుంది. అలా సర్దడం నేరం కూడా కాదు.

ఆ రోజు సభ ముగిశాక జీపులన్నీ వెళ్లిపోయాయి. టెంటు హౌసు కుర్రాళ్లు షామియానా గుంజలు పీకి ట్రాక్టర్‌లో వేస్తున్నారు. ఓనరు కుర్చీలు లెక్కపెడుతున్నాడు. బిల్లు ఎవరిస్తారన్నా అని అడిగాను.

"ఆఫీసోళ్లే ఇస్తారు సార్," అన్నాడు లెక్క ఆపకుండా. "కంపెనీ వాళ్లు ఆఫీసులో డబ్బులు కట్టింటారంట ముందే. అందులోంచే మాకు."